పదకొండో కుట్టు

గ్రంథాలయం మేడ మీది గదిలోకి ఆయన అడుగు పెట్టగానే అల్లికలు ఆగిపోయాయి. ఎనిమిది మంది ఆడవాళ్లూ తలలెత్తి చూశారు.

శనివారం సాయంత్రాలు ఊలు అల్లే ఆ గుంపులోకి మగమనిషి రావడం అదే మొదలు. పైగా ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు.

“కరెంటు మీటరు కిందుందండీ,” అంది టైలరమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం కందగడ్డలా అయింది.

“కాదండీ... అల్లిక నేర్చుకుందామని,” అన్నాడు, తనకే వినిపించనంత నెమ్మదిగా.

అది అబద్ధం. ఆయన వచ్చింది కిటికీ పక్కన కూర్చున్న మామ్మగారికి ఒక్క మాట చెప్పడానికి. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆ మాటను బట్టీ కొట్టాడు కూడా. మూడు శనివారాలుగా మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాడు. ఇవాళ చెప్పలేకపోతే ఇంక ఈ జన్మలో చెప్పలేనని ఆయనకు తెలుసు.

అదృష్టమో దురదృష్టమో, ఖాళీ కుర్చీ మామ్మగారి పక్కనే ఉంది.

“రండి, కూర్చోండి. మా గురువుగారు ఈవిడే,” అంది రిటైరైన బ్యాంకు మేనేజరమ్మ. “చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. నిరుడు రెండోదీ పోయింది. అయినా మా తప్పులన్నీ పట్టేది ఈవిడే. వేలితో తడిమి చెప్పేస్తారు.”

“నా సొద ఇప్పుడు ఆయనకెందుకే?” అని నవ్వి, మామ్మగారు సూదులు ఆయన ఒళ్లో పెట్టింది. “ఇరవై కుట్లు ఎక్కించి ఉంచాను బాబూ. ఒక్క వరస అల్లండి చాలు. సూది గుచ్చడం, పోగు చుట్టడం, ఇవతలికి లాగడం. అంతే.”

ఇప్పుడు చెప్పాలి. ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. తల వంచుకుని సూది గుచ్చాడు.

“మాట్లాడితే ముత్యాలు రాలతాయా ఏంటండీ?” టైలరమ్మ వదిలే రకం కాదు.

అందరూ మళ్లీ నవ్వారు. ఆయనకు చెమటలు పట్టాయి. ఒక కుట్టు జారింది. మళ్లీ ఎక్కించాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. సూదులు పట్టుకోవడం రానందుకు కాదు, పక్కనే కూర్చుని కూడా ఆ మొహంలోకి చూడలేకపోతున్నందుకు. అంతమంది లేకపోతే ఏడ్చేసేవాడే.

ఎలాగో వరస పూర్తయింది.

“అబ్బో! మొదటిసారికే ఎంత నీటుగా వచ్చిందో చూడండి!” మేనేజరమ్మ అల్లికను అందరికీ ఎత్తి చూపించింది. టైలరమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆ మెప్పు ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

“ఏదీ, ఇలా ఇవ్వండి,” అంది మామ్మగారు.

ఆవిడ చూపుడువేలు వరస మీద నడిచింది. పది కుట్లు గబగబా దాటేసింది. పదకొండో కుట్టు దగ్గర ఆగింది.

“ఇక్కడ చెయ్యి వణికింది.” వేలు ఇంకాస్త జరిగింది. “ఇదిగో, ఇక్కడా.”

“కొత్త కదా మామ్మగారూ, బెదిరి ఉంటారు,” అంది టైలరమ్మ.

“బెదిరితే కుట్లన్నీ ఒకేలా బిగుసుకుంటాయే. ఇవి ఒకటి బిగుతు, ఒకటి వదులు. ఇది ఇవాళ్టి వణుకు కాదు, పాతది.”

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి వెళ్లిపోవాలనుకున్నాడు. కుర్చీ అంచుదాకా జరిగి ఆగిపోయాడు.

“అమ్మా, నేను...” అన్నాడు. అద్దం ముందు వల్లించిందంతా ఎటు పోయిందో!

మామ్మగారు అల్లికను పక్కన పెట్టింది. తడుముకుంటూ ఆయన కుడిచేతిని వెతికి పట్టుకుంది. దాన్ని తన చెంపకు ఆనించుకుంది.

“నిరుడు నా కంటికి ఆపరేషన్ చేసేటప్పుడు కూడా చెంప మీద ఈ చెయ్యి ఇలాగే వణికింది కదూ, డాక్టరుగారూ?”