గీసిన సేరు

“ఈ ఉగాదికి ఓళిగలు వినుత చేస్తాది” అని అంబుజమ్మ అందరి ముందూ చెప్పేసింది.

చాటలో బియ్యం చెరుగుతున్న పెద్దకోడలు శశికళకు కడుపు భగ్గుమంది. ఇన్నేళ్లుగా ఏ పండక్కి తాను ఈ బొబ్బట్లు చేసినా పూర్ణం జారిపోయి పెనానికి అంటుకునేది. ‘నీ చెయ్యి మంచిది గాదులే’ అని నవ్వి, అందర్నీ వంటింట్లోంచి పంపించేసి అత్తే మళ్లీ చేసేది. కొలిచేటప్పుడు ఎవరైనా చూస్తే లక్ష్మి పోతుందట! ఆ ఓళిగలు పంచిపెట్టి గౌనిపల్లి అంతా పేరు కొట్టేసేది. ఇప్పుడు, మొన్న పెళ్లయి వచ్చిన చిన్నకోడలికి ఆ పొయ్యి అప్పగిస్తోంది.

“నాకు కొలత తెలీదత్తా” అంది వినుత భయంగా.

“మీ అక్కనడుగు. ఆయమ్మకు నేను నేర్పిచ్చిందే కదా” అంటూ అంబుజమ్మ తాపీగా ఆకూవక్కా నోట్లో వేసుకుంది.

వంటింట్లోకి రాగానే వినుత పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిన్న తూకం మిషన్ తీసింది. “సేరూ గీరూ నాకు రాదక్కా. రాబర్ట్‌సన్‌పేటలో మా అమ్మ అన్నీ దీంట్లోనే తూస్తాది. కిలో బెల్లానికి బేడలెన్ని?”

“సేరు కందిబేడలు.”

“సేరంటే ఎన్ని గ్రాములు?”

శశికళకు బాగా తెలుసు. అత్త నేర్పినట్టు సేరు గిన్నె నిండా కందిపప్పు పోసి, పైన అరచేత్తో గీసేస్తే ఎనిమిది వందల గ్రాములు. అంగట్లో తూయించి మరీ చూసుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. అంతలో పంచలో ఎవరితోనో అంటున్న అత్త గొంతు వినిపించింది.

“మా వినుతను చూస్తేనే తెలస్తాదమ్మా, పనిమంతురాలని!”

ఆ మాట తనను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అనలేదు.

“కిలో” అంది శశికళ. “కరెక్టుగా కిలో. కొంచెం తగ్గినా చెడిపోతాది.”

బేడలు ఎక్కువైతే పూర్ణం చప్పగా, పొడిపొడిగా రాలిపోతుంది. రాలనీ! మామ ముందు పరువు పోతే అప్పుడు తెలుస్తుంది పనిమంతురాలి సంగతి. “నువ్వుండావు గాబట్టి సరిపొయ్యిందక్కా” అని వినుత చేతులు పట్టుకుంటే, శశికళ నెయ్యి వెదికే నెపంతో మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం పంక్తిలో మామ హనుమంతప్ప మొదటి ఓళిగ తుంచాడు. శశికళ గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

“ఏమి అంబుజా, నువ్వే చేసినావా? అచ్చం నీ చేతి ఓళిగే! ఇంగ రెండు వెయ్యమ్మా వినుతా.”

శశికళ నమ్మలేక ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. మెత్తగా ఉంది, తీపి సరిగ్గా కుదిరింది, పూర్ణం కాస్తయినా జారలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. చెడగొడదామని చేసిన పని కూడా దానికే కలిసొచ్చింది.

అంబుజమ్మ మాత్రం తినేది సగంలో వదిలేసి లేచింది. మొహం మాడిపోయి ఉంది.

“బేడలు ఎన్ని పోసినావే?”

“కిలో అత్తా. అక్క చెప్పినట్టే.”

అంబుజమ్మ పెద్దకోడలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి తలుపు మూసింది. తాను తప్పుడు కొలత చెప్పిన సంగతి అత్త పట్టేసిందనుకుంది శశికళ.

“తప్పయిపొయ్యిందత్తా, దాని మీద కుళ్లుతో...”

“నోరు ముయ్యి! సేరు కుప్పగా పొయ్యాలని, అప్పుడే కిలో అయితాదని నీకెవురు చెప్పినారు? ఇన్నేండ్లుగా నీకు గీసి పొయ్యమనే కదా నేర్పిస్తా ఉండాను!”