సెకనున్నర

“ఆరు సెకన్లు! ఇంకా ఆరే!” టీవీ మెకానిక్ స్టాప్‌వాచీని బల్ల మీదికి విసిరేశాడు. “రెండు దాటితే ఫెయిల్ అన్నారు. ఇంకో గంటలో ఫోనొస్తుంది.”

అతని భార్య కీబోర్డు మీద వేళ్లు టకటకలాడించి, ఎంటర్ కొట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. సరిగ్గా ఆరు సెకన్ల తర్వాత కంప్యూటర్ స్పీకర్లోంచి ఆమె గొంతు తీయగా పలికింది.

“ఏమండీ, వాచీ పగలగొడితే టైము ఆగుతుందా?”

ఆ గొంతు ఇప్పుడు ఆమె దగ్గర లేదు. మూడు నెలల కిందట ఆపరేషన్‌తో పోయింది. పాత రికార్డింగులన్నీ కంప్యూటర్‌కి ఎక్కించి, ఆమె టైపు చేసింది ఆమె గొంతుతోనే పలికేలా చేశాడు మెకానిక్. రైల్వే స్టేషన్లో అనౌన్సర్ ఉద్యోగం నిలవాలంటే పది గంటలకు ఫోన్లో జరిగే పరీక్ష నెగ్గాలి. అధికారి ఐదు ప్రకటనలు చెబుతాడు. అతను ఆపిన రెండు సెకన్లలోపు ఆమె అందుకుని చదవాలి. గొంతు లేదని తెలిస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

“మైకు గదిలో ఉండేది నువ్వొక్కదానివే. డబ్బా బల్ల కింద పెట్టుకుంటావు. ఎవడొచ్చి చూస్తాడు?” అన్నాడు మెకానిక్, తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

ఆరు సెకన్లు.

“మిషన్ గొంతు మాకొద్దని ప్రయాణికులు గొడవ చేస్తేనే కదండీ, మనిషే చదవాలని రూలు పెట్టారు?”

“ఇది మిషన్ గొంతేంటి? నీ గొంతు!”

ఆమె గోడ గడియారం వంక వేలు చూపించింది.

అతను కంప్యూటర్ ఆపి లోపలి గ్రాఫిక్స్ కార్డు ఊడదీశాడు. కొట్లో ఉన్నవాటన్నింట్లోకీ చవకది. అక్షరాల్ని గొంతుగా మార్చే లెక్కలన్నీ చేయాల్సింది అదే. పాపం, దాని ఒంట్లో అంత సత్తువ లేదు. చిప్‌కి ఎంత వోల్టేజీ అందాలో నిర్ణయించే చిన్న భాగం ఒకటి కార్డు మూలన ఉంది. దాని కాలికి ఒక ప్రీసెట్‌ను, అంటే స్క్రూ తిప్పి మార్చుకునే బుల్లి రెసిస్టర్‌ను, అతికించాలి. అప్పుడు స్క్రూ తిప్పినకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. వోల్టేజీ పెరిగితే కార్డు వేగం పెంచుకోవచ్చు. మోతాదు మించితే కార్డు మాడి మసైపోతుంది. ఇంకో కార్డు లేదు.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న చెయ్యి వణికింది. ఆ కాలు ఆవగింజలో సగం కూడా లేదు. భార్య కుర్చీ దగ్గరికి లాక్కుని, అతని మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించింది. వణుకు తగ్గింది. వైరు అతుక్కుంది.

తొమ్మిదీ నలభై ఐదు. కార్డు బిగించి ఆన్ చేశాడు. మీటరు 1.05 వోల్టులు చూపించింది. స్క్రూ తిప్పాడు. 1.15. వేగం పెంచాడు. నాలుగు సెకన్లు. 1.25. రెండున్నర. ఫ్యాను ఈల వేయడం మొదలుపెట్టింది. పళ్లు బిగబట్టి ఇంకొంచెం తిప్పాడు. 1.32.

“ఏదన్నా అను! త్వరగా!”

“ఏమనమంటారు? మాడు వాసనొస్తోంది.”

సెకనున్నర! మెకానిక్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “తిట్టు! ఇంకా తిట్టు!”

“ఇన్నేళ్లలో తిట్లకేం లోటు చేశాను?”

మళ్లీ సెకనున్నరే. ఇద్దరూ నవ్వబోయారు. ఫోన్ మోగింది.

కంప్యూటర్ నుంచి వచ్చే వైరును ఆమె ఫోన్‌కి తగిలించింది. ఇక ఆ వైరులోంచి వెళ్లే గొంతే తప్ప గదిలో రొద అవతలికి వినపడదు.

“రెడీయేనా అమ్మా?” అన్నాడు అధికారి.

“రెడీ సార్.”

అధికారి మొదటి ప్రకటన చెప్పాడు. అతను చెబుతుండగానే ఆమె వేళ్లు పరిగెత్తాయి. అతను ఆపగానే ఎంటర్. సెకనున్నర. రెండోది, 1.6 సెకన్లు. మెకానిక్ ముఖం పాలిపోయింది. వేడెక్కేకొద్దీ కార్డు నీరసించిపోతోంది. ఐసు ముక్కల సంచి తెచ్చి దాని వీపుకి అదిమి పట్టుకున్నాడు. మూడోది, 1.7.

“నాలుగో ప్లాట్‌ఫారం మీది బండి అరగంట ఆలస్యంగా బయలుదేరుతుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము,” నాలుగోది చెప్పాడు అధికారి.

ఎంటర్. ఒకటి... 1.9. గొంతు పలికింది. వెంట్రుకవాసిలో తప్పింది ప్రమాదం.

“ఇక ఆఖరిది,” అన్నాడు అధికారి.

ఇంకొక్కసారి ఇలాగే వదిలేస్తే రెండు దాటడం ఖాయం. మెకానిక్ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె స్క్రూ వంక చూసి తల ఊపింది. కళ్లు మూసుకుని తిప్పేశాడు. మీటరు 1.48. వేగాన్ని ఆ చివరిదాకా పెంచేశాడు.

అధికారి ఆపీ ఆపగానే ఆమె గొంతు అందుకుంది. ఒక్క క్షణం కూడా వృథా కాలేదు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. చివరి మాట పూర్తవుతూనే కార్డు ఠప్‌మంది. పొగ సన్నగా పైకి లేచింది. స్క్రీన్ నల్లబడిపోయింది.

పోతే పోయింది! ఐదూ పూర్తయ్యాయి! మెకానిక్ ఐసు సంచి వదిలేసి, తడి చేతులతోనే భార్యను దగ్గరికి లాక్కున్నాడు.

అవతల కాసేపు కాగితాల చప్పుడు వినిపించింది.

“మీ గొంతేనమ్మా. పన్నెండేళ్ల నుంచి వింటున్నాను, ఆ మాత్రం పోల్చుకోలేనా?” అన్నాడు అధికారి నెమ్మదిగా. “మొదటి నాలుగుసార్లూ నేను ఆపాక ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి చదివారు. ఐదోసారి ఊపిరే పీల్చుకోలేదేమమ్మా?”