పాలిపోయిన గాజు

మాణిక్యాంబ ఇనుము మాత్ర మింగినట్టు నటించి పెరట్లోకెళ్లి ఊసేస్తోందేమోనన్న అనుమానం ఆమె భర్త పట్టాభిరామయ్యను ఏళ్లుగా తొలుస్తోంది.

ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లందరి చేతికీ నిల్వగాజే. ఒంట్లో ఇనుము నిండుగా ఉంటే ఎర్రగా మెరుస్తుంది, నిల్వ తరిగేకొద్దీ పాలిపోతుంది. పెళ్లిచూపుల్లోనూ ముందు దాన్నే చూస్తున్నారు. మాణిక్యాంబ గాజు మాత్రం తెల్లగానే ఉండేది. ఆకుకూరలమ్మే సింహాచలం గోంగూర కట్ట అందిస్తూ, "ఏం బాబుగారూ, అమ్మగారికి తిండి పెట్టడం లేదా?" అని నవ్వితే ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది.

ఆ ఉదయం, పుట్టింటికొచ్చిన కూతురు నీలవేణి పూజగదిలోకి తొంగిచూసింది. పట్టాభిరామయ్య రోజూలాగే మాత్రను దేవుడి ముందుంచి, నైవేద్యం పెట్టిన పాలతో భార్యకు అందిస్తున్నాడు.

"అయ్యో నాన్నా, పాలతోనా! నీ చాదస్తం పాడుగానూ! పాలు ఇనుమును సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో ఇవ్వాలి."

"ప్రసాదం కదమ్మా. ప్రసాదం చెరుపు చేస్తుందా?"

"చెరుపు చేసింది ప్రసాదం కాదు నాన్నా, నువ్వు."

పట్టాభిరామయ్య భార్యకేసి చూడలేక నేలచూపులు చూశాడు.

మాణిక్యాంబ నెమ్మదిగా అంది: "మాత్ర మింగుతున్నానని నాచేత అరచేతిలో కర్పూరం ఆర్పించి ఒట్టు వేయించుకున్నారు. చెయ్యి కాలింది గాని, నమ్మానన్న మాట మీ నోట రాలేదు. ఆ మాట ఇంకా నాకు బాకీయే."

ఆయన పాలగ్లాసు కిందపెట్టి, ఆమె అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నమ్మాను మాణిక్యం," అన్నాడు తలెత్తకుండానే, కూతురు వింటుండగా.