పౌడర్ సార్

"మళ్ల పోయిండు," అన్నాడు దామోదర్, గోడ గడియారం వైపు చూస్తూ. "రెండు పీరియడ్లకొక్క పూత!"

స్టాఫ్ రూమ్ మొత్తం నవ్వింది.

పోయింది కృపాకర్. బడులు తెరిచిన వారంలోనే సూర్యాపేట నుంచి బదిలీ మీద, పాలకీడు అవతలున్న ఈ హైస్కూల్‌కు భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. భుజాన సంచి, సంచిలో పౌడర్ డబ్బా. గంట కొట్టగానే అందరూ తరగతులకు బయల్దేరితే, అతను వెనకనున్న సామాన్ల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. తలుపు సందులోంచి మల్లెపూల వాసన వచ్చేది. తర్వాత క్లాసుకు నడిచేవాడు. ఆ నడకా ఒక తీరు. తొందరన్నది లేదు. ఊరేగింపులో పెళ్లికొడుకులా ఒక్కో అడుగూ చూసుకుని వేసేవాడు.

దామోదర్ ఇన్‌చార్జి హెడ్మాస్టర్. ఊళ్లో పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటివాడు. "పౌడర్ సార్" అన్న పేరు పెట్టింది అతనే. కొద్దిరోజుల్లోనే అది పిల్లల నోటికీ ఎక్కింది.

"డబ్బాలకు డబ్బాలు ఖతమైతున్నయి సార్," అంది తెలుగు టీచర్ వైష్ణవి. "మొఖం మీద మాత్రం జరంత తెలుపు కనవడదు."

"ఆ రంగుకు ఎంత పూస్తే ఏం లాభం?" అన్నాడు దామోదర్.

మళ్లీ నవ్వులు.

కృపాకర్ ఏం చేసినా వాళ్లకు అందులో టెక్కే కనిపించేది. మధ్యాహ్నం అందరూ వరండాలో చాపల మీద కూర్చుని తింటే, అతను కుర్చీ తెచ్చుకునేవాడు. సరస్వతీ పూజ నాడు అందరూ చెప్పులు విప్పి లోపలికి వెళ్తే, అతను బూట్లతో గుమ్మం బయటే ఉండిపోయాడు.

"చర్చికి పోయేటోళ్లకు మన పూజలు పడ్తయా?" అన్నాడు దామోదర్, వినబడేలా.

కృపాకర్ తల ఎత్తలేదు. అది పొగరని తేల్చారు.

ఒకనాడు మండల విద్యాధికారి సుజాత తనిఖీకి వచ్చింది. కోదాడ మనిషి. మాట నెమ్మది, చూపు కఠినం. గంట కొట్టి చాలాసేపైనా ఎనిమిదో తరగతిలో సార్ లేడు. పిల్లలు గోల చేస్తున్నారు. దామోదర్‌కు కావలసిందీ అదే.

"సూడుండ్రి మేడం. సారు సింగారించుకుంటుండు. రోజూ గిదే కథ. జర మెమో ఇచ్చి, ఈడికెళ్లి పంపించుండ్రి. మేం సెప్పీ సెప్పీ పరేషానైనం."

కృపాకర్ సామాన్ల గదిలోంచి బయటికి వచ్చాడు. చేతులకూ ప్యాంటుకూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. అతన్ని ఆఫీసు గదికి పిలిపించారు. చోద్యం చూడటానికి మిగతావాళ్లూ చేరారు.

"ఏంటండీ ఇది?" అంది సుజాత. "అక్కడ పిల్లలు ఎదురుచూస్తుంటే, ఇక్కడ మీరు పౌడర్ పూసుకుంటున్నారా? మెమో రాయమంటారా?"

కృపాకర్ పెదవులు తడుపుకున్నాడు. అతని భార్య ప్రవళిక హుజూర్‌నగర్ దవాఖానలో నర్సు. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితే ఇప్పటికి ఇద్దరికీ ఒకే వైపు కొలువు కుదిరింది. ఇక్కణ్నుంచి పంపిస్తే మళ్లీ ఎవరి దారి వాళ్లదే.

"ఈరోజు ఘర్షణ పాఠం మేడం," అన్నాడు. "పొడి కందెన గురించి చెప్పాలె."

దామోదర్ ఫక్కున నవ్వాడు. "కందెనంటే బండి ఇరుసుకు పూసేది గదా? మొఖానికి పూసుకునేది గూడ కందెనేనా సారూ? పొడి కందెనంటే ఏందో మేడంకు చెప్పుండ్రి, మేం గూడ ఇంటం."

కృపాకర్ క్లాసులో చెప్తున్నట్టే చెప్పాడు.

"రెండు వస్తువులు రాసుకుంటే అరుగుతయి, వేడెక్కుతయి. అందుకే నడుమ నూనెనో గ్రీజో పెడ్తం. అది కందెన. కొన్నిచోట్ల నూనె పనికిరాదు. దుమ్ము పట్టి జిగటైతది. గాడ పొడి వాడ్తరు. తాళంల గ్రాఫైట్ పొడి ఏస్తరు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లుతరు. పంక్చర్ షాపులల్ల ట్యూబుకు, టైరుకు నడుమ తెల్లపొడి రుద్దుతరు. గదే పొడి కందెన. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండ కాపాడ్తది."

"అర్థం బానే చెప్పారు," అంది సుజాత. "మరి రోజూ ఆ గదిలో మీరు చేస్తున్నదేంటి?"

"దాని వాడకం మేడం."

గదిలో నవ్వు పేలింది. వైష్ణవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడకమట!" దామోదర్ బల్ల చరిచాడు. "ఏడ వాడ్తరో మేడంకు సూపెట్టుండ్రి మరి. ప్రాక్టికల్ చేసి సూపెట్టుండ్రి!"

కృపాకర్ అతని కళ్లలోకి సూటిగా చూశాడు. ఈ బడికి వచ్చాక అలా చూడటం అదే మొదలు. పెదవి చివర చిన్న వంకర. అది భయం కాదు, ఏవగింపు.

"సూపెట్టమంటరా?"

"సూపెట్టుండ్రి. ఎందుకు సిగ్గు?"

కృపాకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం నిలవడి ఉంటే మీరు కూసుంటరా?" దామోదర్ గొంతు హెచ్చింది. "ఇదేనా మర్యాద?"

కృపాకర్ ఎడమ ప్యాంటు మోకాలిదాకా మడిచి, కాలును రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజి, ఊడదీసి, తెల్లపొడి అంటిన దాని బోలు కనబడేలా దామోదర్ బల్ల మీద నిలబెట్టాడు.