మూడో గోడకు రంగు

“మళ్ళీ ‘వద్దు’ నొక్కినావు అత్తా!”

రక్ష గొంతులో విసుగు కన్నా భయమే ఎక్కువగా ఉంది. అంజనమ్మ ఫోనును మంచం మీద పడేసి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు వేళ్ళు దులుపుకుంది.

“ముందు రెండిట్లో పచ్చబిళ్ళ ఉండాది, నొక్కినాను. దీంట్లో రెండూ బూడిద రంగే. నాకేం తెలుస్తాది?”

ఆమె తప్పేమీ లేదు. తమిళ జిల్లాల్లో ఆవులకు టీకాలు వేసే శిబిరాల కోసం రక్ష పనిచేసే బెంగళూరు కంపెనీ ఫోను పేజీలు తయారుచేస్తోంది. ప్రశ్ననూ, నొక్కాల్సిన జవాబునూ ఫోనే చదివి వినిపిస్తుంది. బటన్ల మీద తమిళంలో మాటలున్నా, చదువు రానివాళ్ళు రంగు చూసి నొక్కగలగాలి. పచ్చది ‘కావాలి’, ఎర్రది ‘వద్దు’. బటన్లు, పెట్టెలు, వాటి రంగులు అన్నీ రూపురేఖలు చెప్పే విడివిడి సీఎస్ఎస్ కోడ్ ముక్కలుగా ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి. కాకపోతే అవి రియాక్ట్ అనే పేజీల పనిముట్టు కోసం రాసినవి. ఒక జిల్లా పేజీలు వ్యూ అనే ఇంకో పనిముట్టులో ఉన్నాయి, ఇంకో జిల్లావి ఆంగులర్ అనే మూడోదాంట్లో. ఆ ముక్కలు మూడుచోట్లా ఒకేలా కనబడేట్టు మార్చడం రక్ష పని. వ్యూలో కుదిరింది. ఆంగులర్‌లో మాత్రం బయట చెప్పిన రంగు లోపలి బటన్ దాకా పోవడం లేదు.

“ఒకే డబ్బా రంగు, మూడు గోడలు,” అంది అంజనమ్మ. ముప్పై ఏళ్ళు మేస్త్రీల వెంట కూలికి పోయిన మనిషి. “మూడో గోడకు పట్టడం లేదు. బాగా గోకి మళ్ళీ కొట్టాల.”

“ఎక్కడ గోకాలో అదే వెతుకుతా ఉండాను అత్తా.”

ఇంతలో సిద్ధరాజ్ ఫోను చేశాడు. హోసూరు మనిషి, ఆఫీసులో రక్షకు పై అధికారి. ఆమె స్పీకరులో పెట్టింది.

“పరీక్షకు ఇంకా ఇరవై రోజులే రక్షా. మీ అత్తతో పరీక్ష ఆమె ఫోనులోనే జరగాల. పక్కన ఎవరూ ఉండకూడదు. ప్రతి ప్రశ్నకూ బటన్ల చోటు మారిపోతాది కాబట్టి గుడ్డిగా నొక్కితే కుదరదు. ఒక్కటి తప్పినా ఇంటి నుంచి పని అని నేను ఇంక పైవాళ్ళను అడగలేను. పరీక్ష తరువాతి సోమవారం నుంచే నువ్వు బెంగళూరులో ఉండాల.”

బెంగళూరు అంటే ఆరేళ్ళ కూతురు తెన్మొళినీ, రెండావులనూ అత్త మీద వదిలేసి ఈ పాపారపట్టి ఊరు దాటిపోవడం. భర్త సెంతిల్ తొప్పూరు రోడ్డు పనిలో ఉన్నాడు. ఇంటికి వచ్చేది ఆదివారాలే.

ఫోను పెట్టేశాక అంజనమ్మ తన ఫోనును మంచం మీంచి తీసి కొంగుతో తుడిచింది.

“కవలై పడొద్దు, దిగులెందుకు,” అంది. “ఇంక నన్ను రోజూ నొక్కమనొద్దు. ఆ రోజే నొక్కుతాను.”

“ప్రాక్టీసు లేకుండానా?”

“నేనేమన్నా పాటల పోటీకి పోతాండానా?”

రక్ష ఆమెను వదిలేసి లాప్‌టాప్ పట్టుకుంది. రంగు ఒకరోజు వచ్చేది, మరునాడు బటన్ వంకరపోయేది. ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇస్తున్న అత్త వేళ్ళకు తెల్లగా ఏదో కనబడింది.

“ఏంది అత్తా అది?”

“సున్నంలే.”

ఆకువక్క మానేసి ఏడాదైంది కదా అని అడగబోయేలోగా తెన్మొళి ఏడుస్తూ వచ్చింది. “అమ్మా, నా బలపం మళ్ళీ అరిగిపోయింది!”

“అరిగిందో, నువ్వే తింటా ఉండావో!” అని రక్ష దాన్ని కసిరింది. ఆ కసురులో సున్నం సంగతి మరిచేపోయింది.

పరీక్ష రోజు పొద్దున తొమ్మిదికి రక్షకు దారి దొరికింది. రంగులన్నిటికీ ఒక్కోపేరు పెట్టి, ఆ పేర్లు పేజీ మొత్తానికీ పైనుంచే అందేట్టు చేసి, ప్రతి బటన్నూ తన రంగు తానే అడిగి తీసుకునేట్టు మార్చింది. లాప్‌టాప్‌లో పచ్చ విచ్చుకుంది. వెంటనే పంపేసింది. పదకొండుకు సిద్ధరాజ్ ఫోను చేశాడు.

“ఆమెకు చదువు రాదు కదా?”

“ఒక్క అక్షరం రాదు సార్. బస్సు బోర్డు కూడా పక్కవాళ్ళను అడుగుతాది.”

అంజనమ్మ కొంగు సర్దుకుని, తన ఫోను తీసుకుని ఆవుల కొట్టం దగ్గరి అరుగు మీదికి పోయింది. రక్ష లోపలే చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుంది. అత్త నొక్కినవన్నీ సిద్ధరాజ్‌కు అక్కడ తెలుస్తున్నాయి.

“మొదటిదాంట్లో నాలుగూ సరి,” అన్నాడు. కాసేపటికి, “రెండోదాంట్లో నాలుగూ సరి.”

ఆ తరువాత మాట లేదు.

“ఏమైంది సార్?”

“ఆగిపోయింది. నొక్కడం లేదు.”

రక్ష లేచింది. గడప దాటకూడదని మళ్ళీ కూర్చుంది. కొట్టంలో ఆవు గంట రెండుసార్లు మోగింది.

“తొమ్మిది... సరి.” మళ్ళీ చాలాసేపు. “పది, సరి. పదకొండు. పన్నెండు! అన్నీ సరి రక్షా! బెంగళూరు మాట మరిచిపో. మీ అత్తకు నా దండాలు చెప్పు.”

రక్ష ఒక్క ఉరుకున బయటికి పోయి అత్తను వాటేసుకుంది. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు.

“వదులు, చేతులు మురికి,” అంది అంజనమ్మ. తనూ నవ్వుతోంది.

తాను తెప్పించిన పచ్చను ఒకసారి చూసుకుందామని రక్ష ఆ ఫోను అందుకుంది. మూడో పేజీ ఇంకా తెరిచే ఉంది. రెండు బటన్లూ బూడిద రంగులోనే ఉన్నాయి.

ఆమె పేజీని కిందికి లాగి మళ్ళీ తెరిచింది. పచ్చ నిండుగా వచ్చింది, పక్కనే ఎరుపు. పాత ఫోను ఇరవై రోజుల కిందటి రంగులే దాచుకుని ఇంతసేపూ అవే చూపించింది. రక్ష పనిలో తప్పు లేదు.

అప్పుడు తట్టింది.

“అత్తా, రంగే లేకపోతే ఈ నాలుగూ ఎట్ల నొక్కినావు?”

అంజనమ్మ ఆవు వైపు తిరిగి, బలపం పొడి అంటిన తెల్లటి వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

“చదివినాను.”