ఏడు వరుసలు

“ఇంకా ఏమీ దొరకలేదా అమ్మా?”

డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి ఆ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. లేదన్నట్టు తలూపింది చిట్టి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే. పాపం, ఆయనకీ మూడు రోజులుగా తిండీ నిద్రా లేవు. ఆస్పత్రిలో ఈ చిన్న గది ఇప్పించిందీ ఆయనే, గంటకోసారి టీ పంపిస్తున్నదీ ఆయనే.

పక్క వార్డులో చిట్టి అక్కా, మరో ఆరుగురూ ఒకే జబ్బుతో పడి ఉన్నారు. ముందు కాళ్ళు చచ్చుబడ్డాయి, తర్వాత చేతులు. ఒంట్లోకి ఏదో విషం పోయిందన్నంత వరకే తేలింది. అది ఎక్కడ అంటిందో తెలిస్తే ఏ విషమో తెలుస్తుంది, అప్పుడు విరుగుడు వేయొచ్చు. అక్కకి పొద్దుటికంటే ఇప్పుడు ఊపిరి అందడం బాగా తగ్గింది. సాయంత్రం దాకా నిలుస్తుందని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

చిట్టి ఒక పార్సిళ్ళ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. వ్యాన్లు ఆగే చోట్లన్నిటికీ నంబర్లుంటాయి, ఒక్కో వ్యానుకీ ఒక్కో నంబర్ల వరుస. ఏయే వరుసల్లో ఒకే నంబర్లు ఎక్కువగా కలుస్తున్నాయో చూసి, వాటిని పక్కపక్కకి చేర్చడం ఆమె పని. పెళ్ళిళ్ళ పేరమ్మ అని ఆఫీసులో ఏడిపిస్తారు కూడా.

ఇక్కడా అలాంటి వరుసలే ఉన్నాయి. ఏడుగురూ మంచాన పడకముందు వారం రోజులూ ఎక్కడెక్కడికి వెళ్ళారో ఒక నర్సు ఓపిగ్గా అడిగి, వెళ్ళిన క్రమంలోనే రాసిపెట్టింది. ఊళ్ళో ఒక్కో చోటుకీ ఒక్కో నంబరు వేసింది. ఆ కాగితం బావ కంటపడింది. ఆ వారమంతా ఆయన పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు, భార్య ఎక్కడ తిరిగిందో ఆయనకేం తెలుసు? మా మరదలు రోజూ చేసేది ఇదేనంటూ చిట్టిని పరుగుమీద పిలిపించాడు. డాక్టరుగారు మొదట కాస్త నసిగారు గానీ, కాదనలేకపోయారు.

చిట్టి తనకి అలవాటైన పద్ధతిలోనే మొదలుపెట్టింది. పోల్చడం తేలికని ప్రతి వరుసలోని నంబర్లనీ చిన్న నుంచి పెద్దకి సర్దేసింది. తర్వాత అన్ని వరుసల్లోనూ ఉన్న నంబరు కోసం చూసింది. వ్యాన్లకైతే అది గోడౌన్ నంబరు. అన్నిటిలోనూ ఉండేది దేన్నీ విడదీయదు కాబట్టి దాన్ని ముందే అవతల పారేస్తారు. ఇక్కడ అలాంటిది తొమ్మిది.

“తొమ్మిదంటే ఏ చోటండీ?” అని డాక్టరుగారిని అడిగింది.

“మన ఆస్పత్రేనమ్మా. అందరూ చివరికి ఇక్కడికే కదా వచ్చి పడ్డారు. తీసేయండి.”

తీసేసింది.

ప్రోగ్రాం నడిచింది. అయిదు వరుసలు ఒకదాని పక్కకి ఒకటి వచ్చి చేరాయి. అయిదింట్లోనూ ఇరవై మూడు ఉంది. అది బస్టాండు ఎదురుగా ఉన్న జ్యూస్ షాపు. బావ ఆ కాగితం పట్టుకుని ఉన్నపళాన పరుగెత్తాడు. గంటలో షాపు మూయించారు. షాపు ఆయన తనకేమీ తెలీదని లబోదిబోమన్నాడు. తీరా పరీక్ష చేస్తే నీళ్ళలో ఏమీ లేదు, పళ్ళలోనూ ఏమీ లేదు. పైగా అక్క వరుసలో ఇరవై మూడు లేనే లేదు, ఒక దర్జీ వరుసలోనూ లేదు.

మీ అక్క నర్సుకి చెప్పడం మర్చిపోయి ఉంటుందేమో అన్నాడు బావ. చిట్టి వార్డులోకి వెళ్ళి, అక్క నోటి దగ్గర చెవి పెట్టి అడిగింది.

“ఆ షాపు గడప తొక్కలేదే,” అంది అక్క. ఆ కాస్త మాటకే ఆయాసపడిపోయింది. “నాకు భయంగా ఉంది చిట్టీ.”

చిన్నప్పుడు చీకటంటే భయపడ్డ తనకి ధైర్యం చెప్పిన మనిషి ఇలా మాట్లాడుతుంటే చిట్టి వినలేకపోయింది. అక్క నుదురు నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ గదికి తిరిగొచ్చింది.

కూర్చున్నాక గాని తను చేసిన పొరపాటు తట్టలేదు. పార్సిళ్ళకి ఏ చోటు ముందో ఏది వెనకో అక్కర్లేదు. మనుషులకి అలా కుదురుతుందా? విషం అంటిన చోటు ముందు వస్తుంది, ఆ తర్వాత తిరిగిన చోట్లకి ఏ పాపమూ తెలీదు. నర్సు అంత జాగ్రత్తగా రాసిన క్రమాన్ని తనే చేతులారా చెరిపేసింది. తన తెలివి తెల్లారినట్టే ఉందని తిట్టుకుంది. ఆ నర్సునే పిలిచి అడుగుదామంటే, డాక్టరుగారు నిన్ననే ఆమెని సెలవు మీద పంపేశారట. పాత కాగితం ముందేసుకుని, ఏడు వరుసలూ ఉన్నవున్నట్టు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

“ఇంక ఆగితే లాభం లేదమ్మా,” అన్నారు డాక్టరుగారు తలుపు దగ్గర్నుంచి. “ముందు మీ అక్కకి ఒక ఇంజెక్షన్ చేసి చూస్తాను. మీరు సరేనంటే.”

“మీకు పుణ్యముంటుంది డాక్టరుగారూ, వెంటనే చేయండి,” అంది చిట్టి, చేతిలో పని ఆపకుండా.

ఆయన చెప్పుల చప్పుడు వార్డు వైపు వెళ్ళిపోయింది. చిట్టి ఆఖరి నంబరు కొట్టి, తెర మీద వరుసల్ని పైనుంచి కిందికి చూసింది.

తొమ్మిది ఏ వరుసలోనూ చివర లేదు, మొదట ఉంది.