జీడి పొగ నలుపు

2007 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం, విశాఖలో దుర్గ చెంపకు పెట్టబోయిన లేజరు ఆపి, చర్మవ్యాధుల డాక్టరు ఆమె భర్త చిరంజీవి వాచిన కాలిని వేలితో నొక్కాడు. గుంట పడింది, పూడలేదు.

దుర్గ పలాసలో జీడిపిక్కలు కొడుతుంది. పిక్కల నూనె చిట్లి చెంప మీద నల్లమచ్చ పడింది. చిరంజీవి అక్కడే పిక్కలు కాలుస్తాడు.

"నీ మొకం తెల్లబడితే నన్నింకేటి సూత్తావే?" అని అప్పటిదాకా అతను వేళాకోళమాడుతూనే ఉన్నాడు.

"ఈయన నలుపూ జీడి పొగేనండి. ఇలా నల్లబడి ఏడాదైంది. నాతోపాటు ఈయనకీ ఓపాలి లేజరు కొట్టియ్యండి," అని ఆమె అడిగాకే డాక్టరు అతని వైపు తిరిగాడు.

సాయంత్రం రక్తపరీక్షలో కిడ్నీలు రెండూ పాడైనట్టు, ఆ నలుపు వాటివల్లేనని తేలింది.

"నాది మానేసి ఆయనకే లేజరు పెట్టండి బాబూ. పైన నలుపు పోతే లోపల తగ్గదేటి?" అంది దుర్గ.

మొదటి డయాలసిస్ గురువారం ఉదయం.